సీలు బ్యాటరీకి నిప్పురవ్వ పరీక్ష

పలమనేరు బస్టాండు వెనక సందులో బ్యాటరీల దుకాణం నడిపే మునిరత్నం పనిలో గట్టివాడే గాని, ఎదుటివాళ్ళను ఒక్క మాట కూడా పూర్తిగా చెప్పనిచ్చేవాడు కాదు. ఎవరు నోరు తెరిచినా "నాకు తెలుసు" అనేవాడు. సగం మాటకే అనేవాడు. తెలియనిదానికి మరీ గట్టిగా అనేవాడు.

ఆయన దగ్గర ముప్పై ఏళ్ళ నాటి చార్జరు ఒకటి ఉండేది. నడుమెత్తు ఇనప పెట్టె అది. పని నేర్పిన మేస్త్రీ ఇచ్చి వెళ్ళాడని, ప్రతి శుక్రవారం దానికి కుంకుమ బొట్టు పెట్టేవాడు. లారీల బ్యాటరీలు, ట్రాక్టర్ల బ్యాటరీలు నాలుగైదింటిని తీగలతో ఒకదానికొకటి కలిపి దానికి తగిలించేవాడు. ఆ పనివాళ్ళు దీన్ని లైను కట్టడం అంటారు. మూతలు తీసి, లోపల తగ్గినంత బ్యాటరీ నీళ్ళు పోసి, కరెంటు ఇచ్చేవాడు. లోపల బుడగలు పొంగితే చార్జింగు అయినట్టు లెక్క. ఆఖరున ఒక తీగ ముక్క తీసుకుని, దాని రెండు కొనలనూ బ్యాటరీ రెండు బుడిపెలకు చుర్రుమని తాకించేవాడు. నిప్పురవ్వ ఎగిరేది. "ఎర్రగా వచ్చింది, ఇంకో గంట పడతాది" అనో, "తెల్లగా వచ్చింది, తీసుకుపో" అనో తీర్పు చెప్పేవాడు.

లారీ డ్రైవర్లు ఆ విద్య చూసి నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. "మునిరత్నమన్న కంటిచూపు ముందు మీటరెంత?" అనేవాళ్ళు. పక్క వీధిలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో వోల్టులు చూసే మీటరు దొరుకుతుంది. ఒకటి కొనుక్కోమని ఆ మనిషికి చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు. నా మొదటి కోపం ఆ చప్పట్లు కొట్టినవాళ్ళ మీద.

చార్జింగు అవుతున్న బ్యాటరీలోంచి ఒక వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిప్పు తగిలితే మాత్రం పేలుతుంది. ఈ సంగతి మునిరత్నానికి తెలుసు. అందుకే లైను కట్టినప్పుడల్లా వెనక కిటికీ తెరిచి పెట్టేవాడు. రవ్వ చూసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుని, ఓరగంట చూసేవాడు. మేస్త్రీ నేర్పిన జాగ్రత్తలు అవి రెండే. మూడోది నేర్చుకోవలసిన అవసరం ఉందని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఆ దుకాణంలోనే ముందు సగంలో ఆయన భార్య రెడ్డెమ్మ మగ్గం పని చేసేది. చట్రానికి గుడ్డ బిగించి, పెళ్ళి జాకెట్ల మీద జరీతోనూ పూసలతోనూ పువ్వులు, నెమళ్ళు కుట్టేది. ఆవగింజకన్నా చిన్న పూసను సూదిమొనతో ఒక్క పోటుకు ఎత్తేది. ముహూర్తాల రోజుల్లో చిత్తూరునుంచి కూడా పెళ్ళివాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆమెకు వచ్చిన పని అదొక్కటే. ఆ పనికి కావలసినవి రెండు కళ్ళు. చార్జింగు బల్ల ఆమె చట్రానికి నాలుగడుగుల దూరంలో ఉండేది.

"ఏమయ్యా, ఆ బల్లను వెనక వరండాలోకి జరపరాదా? యాసిడ్ ఆవిరికి కండ్లు మండతా ఉండాయి" అని ఆమె ఎన్నోసార్లు అడిగింది.

"ముప్పై ఏండ్లుగా ఈ గాలే పీలస్తా ఉండా. నాకేమైంది? నాకు తెలుసులే, నీ పని నువ్వు చూసుకో" అనేవాడు మునిరత్నం.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ సూది పట్టుకునేది.

కార్తీకమాసంలో ఒకరోజు తుఫాను ముసురు పట్టింది. పొద్దున పది గంటలకు టాక్సీ నడిపే గఫూర్ ఒక బ్యాటరీని గోనెసంచిలో చుట్టి ఎత్తుకొచ్చాడు. వేలూరు ఆసుపత్రులకు రోగులను తీసుకెళ్ళే కారు అతనిది. కారును ఈ వీధి చివరదాకా నలుగురు తోసి తెచ్చారు.

"మునిరత్నమన్నా, జ్వరమొచ్చి పది దినాలు కారు తీయలా. బ్యాటరీ పడిపోయింది. ఇది సీలుదన్నా. దీనికి మూతలుండవు. కొన్నచోట అడిగితే..."

"నాకు తెలుసు" అన్నాడు మునిరత్నం.

"అది కాదన్నా, రవ్వంత విను. దీనికి వేరే చార్జరు ఉండాదంట. నిండినాక దానంతట అదే ఆగిపోతాదంట. మెల్లగా ఎక్కించాలంట, మూడున్నర ఆంపియర్లు దాటగూడదంట. లారీ బ్యాటరీలతో కలిపి లైను కట్టొద్దని మరీమరీ చెప్పినారు."

"బ్యాటరీ అంటే బ్యాటరీనే. దానికి మూతుంటే ఏంది, లేకుంటే ఏంది?"

"నీ దగ్గర ఆ చార్జరు లేకపోతే చెప్పన్నా. తప్పేముండాది? బస్సులో ఏసుకుని చిత్తూరు పోతా."

ఎంత మర్యాదగా అడిగాడో చూడండి. "లేదు గఫూరూ, నా దగ్గర ఆ చార్జరు లేదు" అంటే సరిపోయేది. అలా అంటే మునిరత్నం పరువేమీ పోదు. గఫూర్ దండం పెట్టి మరీ వెళ్ళేవాడు. ఆ ఒక్క ముక్క ఆ నోట్లోంచి రాలేదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"చిత్తూరోళ్ళు నాకు నేర్పిస్తారా?" అన్నాడు మునిరత్నం. "నేను పని మొదలుపెట్టేనాటికి వాళ్ళు నిక్కర్లేసుకుని ఉండారు. ఆడ పెట్టు. సాయంత్రం నాలుక్కి రా."

గఫూర్ ఊరుకోలేదు. బ్యాటరీ పైన అచ్చువేసిన బొమ్మలు చూపించాడు. కళ్ళద్దాలు పెట్టుకున్న ముఖం బొమ్మ ఒకటి. మంట మీద అడ్డగీత గీసిన బొమ్మ ఒకటి. పేలుతున్న పెట్టె బొమ్మ ఒకటి. ఒక్క అక్షరం రానివాడికైనా అర్థమయ్యే బొమ్మలు అవి.

"అవన్నీ కంపెనీవాళ్ళ భయాలు. నాకు తెలుసు" అంటూ మునిరత్నం ఒక కాగితం ముక్క చింపి, దాని మీద గఫూర్ పేరు రాసి, జిగురు పూసి, సరిగ్గా ఆ బొమ్మల మీదే అంటించాడు.

గఫూర్ దిగులుగా వెళ్ళిపోయాడు. మునిరత్నం ఆ చిన్న బ్యాటరీని మూడు పెద్ద లారీ బ్యాటరీల పక్కన లైనులో కట్టాడు. లైనులో ఉన్నవాటన్నిటికీ ఒకే కరెంటు పోతుంది. లారీ బ్యాటరీ తట్టుకునే పన్నెండు ఆంపియర్లు దాని మూడో వంతు కూడా లేని కారు బ్యాటరీలోకీ పోయాయి. ఏనుగుకు పెట్టే మేత మేకపిల్ల నోట్లో కుక్కినట్టు అయింది.

ఒంటిగంటకు లారీలవాళ్ళు వచ్చి తమవి తీసుకుపోయారు. సీలు బ్యాటరీ ఒక్కటే మిగిలింది. మూతలు లేవు గనక లోపల ఎంత పొంగుతోందో కనిపించదు. "కనపడకపోతే ఏం? ఇంకాసేపు ఎక్కువ పెడితే సరి" అనుకున్నాడు మునిరత్నం. చార్జరు మీటను కొంచెం తిప్పి ఆంపియర్ల ముల్లును ఎనిమిది మీదికి తగ్గించాడు. గఫూర్ చెప్పింది మూడున్నర. ఆ ఇనప పెట్టెకు ఎక్కడ ఆగాలో తెలియదు. దాన్ని ఆపవలసినవాడికీ తెలియదు.

వాన పెద్దదైంది. జల్లు లోపలికి కొడుతోందని ఆయన వెనక కిటికీ మూసేశాడు.

"తెరిచే ఉంచయ్యా, నా బట్టలకు నేను ప్లాస్టిక్ పట్టా కప్పుకుంటా" అంది రెడ్డెమ్మ.

"సీలేసినదాంట్లోంచి గాలి యాడనుంచి వస్తాది? ఆమాత్రం తెలవదా నీకు?"

ఆమెకు తెలియకపోవచ్చు. తెలియవలసింది ఆయనకు. సీలు బ్యాటరీకి కూడా లోపల ఒత్తిడి పెరిగితే తెరుచుకునే చిన్న కవాటం ఉంటుంది. సరైన చార్జరుతో మెల్లగా ఎక్కిస్తే దానికి పని పడదు. పట్టనంత కరెంటు గంటల తరబడి కుక్కితే, లోపల పుట్టిన వాయువు ఆ కవాటంలోంచి బయటికి వస్తూనే ఉంటుంది. కిటికీ మూసిన గదిలో అది ఎక్కడికి పోతుంది? అక్కడే, బల్ల చుట్టూ పేరుకుంటుంది.

మూడున్నరకు రెడ్డెమ్మ ముక్కు మూసుకుంది. వేడెక్కిన యాసిడ్‌లోంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసింది. లేచి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. మీద చెయ్యి పెట్టబోతే దూరానికే సెగ తగిలింది.

"ఏమయ్యా, ఇది కడుపుబ్బినట్ల ఉబ్బుండాది. కాలిపోతా ఉండాది. ఆపేయ్!"

"కొత్త మోడల్లు అట్లనే ఉంటాయి. నాకు తెలుసు" అన్నాడు ఆయన.

ఆయన జన్మలో అంతకుముందు ఒక్క సీలు బ్యాటరీకి కూడా చార్జింగు పెట్టలేదు. అయినా అవి ఎట్లా ఉంటాయో ఆయనకు తెలుసునట. కట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి, కళ్ళతో చూసింది చెబుతోంది. లేచి చూడటానికైనా ఆయనకు ఒళ్ళు వంగలేదు. దీన్ని అనుభవం అనేవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం శుద్ధ పొగరు అంటాను.

నాలుగింటికి గఫూర్ గొడుగు ముడుస్తూ వచ్చాడు. ఉబ్బిన బ్యాటరీని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అన్నా, ముందు స్విచ్చి ఆపు. కిటికీ తెరువు. దాన్ని ముట్టుకోబాక."

"భయస్తుడివి. ఇట్లా చూడు, రవ్వ ఎంత తెల్లగా వస్తాదో" అంటూ మునిరత్నం తీగ ముక్క అందుకున్నాడు.

అదే క్షణంలో రెడ్డెమ్మ వాసన భరించలేక కిటికీ తెరవడానికి బల్ల పక్కనుంచి వెళ్తోంది. మునిరత్నం అలవాటు ప్రకారం తన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తీగ తాకించాడు.

బ్యాటరీ బాంబులా పేలింది. పైకప్పు రేకులు అదిరాయి. ప్లాస్టిక్ పెంకులు గోడలకు కొట్టుకున్నాయి. మునిరత్నానికి చేతి మీద, చొక్కా మీద నాలుగు చుక్కలు పడ్డాయి. యాసిడ్ అంతా రెడ్డెమ్మ ముఖం మీద పడింది.

తన కళ్ళను కాపాడుకునే అలవాటు ఆయనకు ముప్పై ఏళ్ళుగా ఉంది. పక్కన ఇంకెవరి కళ్ళున్నాయో చూసే అలవాటు మాత్రం ఒక్కనాడూ లేదు.

"కండ్లు! నా కండ్లు!" అని రెడ్డెమ్మ రెండు చేతులతో ముఖం పట్టుకుని కూలబడింది. గఫూర్ మూలన ఉన్న నీళ్ళ బిందె ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. మునిరత్నం అడ్డుపడ్డాడు.

"నీళ్ళు పోయబాక! యాసిడ్ మీద నీళ్ళు పోస్తే ఉడికిపోతాది! నాకు తెలుసు! నూనె ఉండాదేమో చూడు!"

ఆయన అబద్ధం చెప్పలేదు. బ్యాటరీ పనివాళ్ళకు అదొక నియమం. చిక్కటి యాసిడ్‌ను పలచన చేసేటప్పుడు నీళ్ళలోకే యాసిడ్‌ను మెల్లగా వంచాలి. యాసిడ్‌లోకి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి చిమ్ముతుంది. అది బక్కెట్టులో ఉన్న యాసిడ్ సంగతి. మనిషి ఒంటి మీద యాసిడ్ పడితే ధారగా నీళ్ళు పోసి కడగడమే మందు. ఆగకుండా కడగాలి, వెంటనే కడగాలి. బక్కెట్టుకు చెప్పిన మాటను పెళ్ళాం కళ్ళకు అప్పజెప్పినవాణ్ణి ఏమనాలి?

పాపం గఫూర్ బిందె పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించాడు. ఎంతైనా ముప్పై ఏళ్ళ పనివాడు చెబుతున్నాడు గదా అనుకున్నాడు.

రెడ్డెమ్మ ఆగలేదు. చేతులు చాచి, తడుముకుంటూ, చట్రాన్ని తన్నుకుని పడి, లేచి, గుమ్మం దాటింది. బయట రేకుల చూరునుంచి వాన నీళ్ళు ధార కట్టి పడుతున్నాయి. దాని కింద నిలబడి తల పైకెత్తింది. వేళ్ళతో రెప్పలు బలవంతంగా విప్పి పట్టుకుంది.

"వద్దే! ఉడుకుతాది! చెప్తే వినవేందే!" అని మునిరత్నం వెనకనుంచి కొంగు లాగాడు.

"నోరు ముయ్యవయ్యా!" అంది రెడ్డెమ్మ.

పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆమె ఆయన మాట కాదనడం అదే మొదలు. అప్పుడు గఫూర్‌కు తెలివొచ్చింది. మునిరత్నాన్ని పక్కకు నెట్టేశాడు. "వదినా, ఇటు తిరుగు, మంచి నీళ్ళు" అంటూ బిందెలో నీళ్ళు ఆమె కళ్ళలోకి ధారగా పోశాడు. బిందె అయిపోతే వీధి కుళాయి దగ్గర మళ్ళీ పట్టుకొచ్చాడు. ఆ బిందె నిండేదాకా ఆమె చూరు కింద నిలబడింది. అట్లా ఇరవై నిమిషాలు కడిగారు. తర్వాత ఆసుపత్రికి బయలుదేరారు. గఫూర్ కారు వీధి చివరే ఉంది. దాన్ని కదిలించవలసిన బ్యాటరీ దుకాణం గోడలకు అంటుకుని ఉంది. ఆటో కోసం వానలో వెతుక్కోవలసి వచ్చింది.

కంటి డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. బయటికి వచ్చి, "ఈమె కళ్ళు వెంటనే కడిగింది ఎవరు?" అని అడిగింది.

"ఆమే కడుక్కున్నాది మేడమ్" అన్నాడు గఫూర్.

"ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమై ఉంటే రెండు కళ్ళూ పోయేవి. ఎడమ కన్ను బాగైపోతుంది. కుడి కంటి నల్లగుడ్డు మీద మచ్చ పడింది. దాంతో సన్నని పని ఇక చేయలేదు."

మునిరత్నం గొంతు సవరించుకుని, "యాసిడ్ మీద నీళ్ళు పోయగూడదని..." అని మొదలుపెట్టాడు.

"ఆ మాట మీకు చెప్పినవాళ్ళు మనిషి కన్ను గురించి చెప్పలేదు" అంది డాక్టరమ్మ. మళ్ళీ ఆయన వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అంతటితో ఆయనకు బుద్ధి వచ్చిందనుకుంటారేమో. రాలేదు. మర్నాడు బజారులోవాళ్ళు పరామర్శకు వచ్చారు. "పాపం మునిరత్నానికి ఎంత కష్టం వచ్చింది" అన్నారు. కష్టం మునిరత్నానికి వచ్చిందట! కంటికి కట్టుతో పక్కనే కూర్చున్న మనిషి వాళ్ళకు కనిపించలేదు. "ఈ కాలం బ్యాటరీలే నమ్మరానివి" అని ఒకాయన అన్నాడు. మునిరత్నం తలాడించి, "అదే గదన్నా, కంపెనీ మాలే చెడ్డది" అన్నాడు.

రెడ్డెమ్మ మంచం మీదనుంచి లేచి కూర్చుంది.

"మాలు చెడ్డది కాదు" అంది. "ఎట్ల చార్జింగు పెట్టాలో గఫూర్ చెప్పినాడు. నువ్వు వినలేదు. బొమ్మలుంటే వాటి మీద కాగితం అంటించినావు. కిటికీ తెరవమని నేను చెప్పినా, మూసినావు. ఉబ్బిందని చెప్పినా, లేచి చూడలేదు. కండ్లు కడుక్కుంటా ఉంటే కొంగు పట్టి లాగినావు. వీళ్ళందరి ముందరే చెప్తా ఉండా. ఇది నువ్వు చేసిన పని."

పరామర్శకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. మునిరత్నం తల దించుకున్నాడు. ఆ తలలోకి ఏదో దిగడం అప్పుడే మొదలైందని నేననుకుంటాను.

వారం తర్వాత ఆయన చిత్తూరు వెళ్ళాడు. గఫూర్ బ్యాటరీ కొన్న షాపులో, తనకన్నా పాతికేళ్ళు చిన్నవాడైన మెకానిక్ ఎదుట స్టూలు మీద కూర్చుని, రెండు రోజులు పని నేర్చుకున్నాడు. సీలు బ్యాటరీకి తగిన చార్జరు, ఒక మీటరు, కళ్ళకు అద్దాలు తెచ్చుకున్నాడు. గఫూర్‌కు కొత్త బ్యాటరీ పెట్టించాడు. బల్లను వెనక వరండాలోకి మార్చాడు. బ్యాటరీ సామర్థ్యం ఎన్ని ఆంపియర్-అవర్లో చూసి, అందులో పదో వంతుకు మించకుండా కరెంటు పెట్టడం మొదలుపెట్టాడు. స్విచ్చి ఆపిన తర్వాతే తీగలు ఊడదీసేవాడు. ఉబ్బిన బ్యాటరీ ఎవరైనా తెస్తే, "దీనికి చార్జింగు పెట్టకూడదు, మార్చేయాల" అని తిప్పి పంపేవాడు. తెలియనిది ఎదురైతే ఫోను చేసి అడిగేవాడు. నిప్పురవ్వ చూపించమని లారీ డ్రైవర్లు బతిమాలినా చూపించలేదు.

మునిరత్నం ఎంత మారిపోయాడో అని ఇప్పుడు బజారంతా మెచ్చుకుంటుంది. నేను మెచ్చుకోను. అంతా రెండు రోజుల్లో నేర్చుకోగలిగిన పనే. ఆ రెండు రోజులు ఒక నెల ముందు చిత్తూరు వెళ్ళి ఉంటే ఏమయ్యేది?

ఒక సాయంత్రం కొత్త చార్జరు మీద పచ్చలైటు వెలిగి, దానంతట అదే ఆగిపోయింది. మునిరత్నం మురిసిపోతూ భార్యను పిలిచాడు.

"చూడు రెడ్డెమ్మా, ఎవరూ ముట్టుకోకుండానే ఎట్లా ఆగిపోయిందో. ఆ పిల్లోడు చెప్పింది అక్షరాలా నిజం."

రెడ్డెమ్మ అప్పుడు ఒక చీర అంచు మడిచి కుడుతోంది. పూసల పని మానేసి మూడు నెలలైంది. పెళ్ళివాళ్ళు వేరే దుకాణం వెతుక్కున్నారు. ఆమె సూదిని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని దారం ఎక్కించబోయింది. దారం పక్కకు పోయింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పోయింది.

"బాగుండాదయ్యా" అంది. "నీకు చెవులు రావడానికి నా కన్ను పోవాల్సొచ్చింది."

మునిరత్నం చార్జరు దగ్గరనుంచి కదిలాడు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, సూది తీసుకుని, దారం ఎక్కించి ఇచ్చాడు. ఇప్పుడు రోజూ ఎక్కించి ఇస్తున్నాడు.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోని పొగరుకు శిక్ష పక్కనున్నవాళ్ళు అనుభవిస్తారు. అందుకే ప్రమాదమున్న పనిలో చెయ్యి పెట్టేముందు అడిగి తెలుసుకోవాలి, తగిన పనిముట్టు లేకపోతే లేదని చెప్పాలి.